జెఫర్సను పుర కథలు : చెఱసాల గోడ

ఒక యూరి పుట్టుకను గూర్చి ఆ యూరివారు చెప్పుకొను కథ చరిత్రకు ఆధారమగునా, కాదా యను ప్రశ్న కైఫీయతులు చదివిన తెలుగు పాఠకులకు క్రొత్త కాదు. ఆ ప్రశ్ననే అమెరికా దక్షిణప్రాంతపు నవలాకారుడు విలియం ఫాక్‌నర్ 1951లో ప్రకటించిన 'రిక్వియం ఫర్ ఎ నన్' అను కృతిని ముందుంచుకొని ఇచ్చట విచారింపబూనితిమి. ఇది కొంత నాటకము, కొంత వచనము. మూడంకములకును ముందు మూడు దీర్ఘ వచనభాగములు కలవు. మొదటిది న్యాయస్థానమును, రెండవది రాష్ట్ర శాసనభవనమును, మూడవది చెఱసాలను గూర్చినవి. మొదటి మూడవ భాగములే మాకు ప్రస్తుతములు.

కథాస్థలము జెఫర్సను. అది కల్పిత పట్టణము. ఒక కౌంటీకి, అనగా జిల్లావంటి పాలనావిభాగమునకు, ముఖ్యస్థానము. ఫాక్‌నర్ (1897–1962) జీవితమున అధికభాగము గడపిన ఆక్స్‌ఫర్డు పట్టణము మిసిసిపి రాష్ట్రమున లఫయెట్ కౌంటీకి ముఖ్యస్థానము. 1832 నాటి సంధివలన చికసా జాతివారు వదలుకొన్న భూమినుండి 1836లో ఆ కౌంటీ యేర్పడెను. 1864లో ఉత్తరసేనలు పట్టణమును తగులబెట్టెను. కథలోని జెఫర్సను సైతము ఆ యేటనే కాలిపోవును. అయినను రెండును ఒక్కటే యనుట పొరపాటు. ఫాక్‌నర్ నవలలలో ఆక్స్‌ఫర్డు వేరొక పట్టణముగ కనిపించును.

జెఫర్సను పుట్టుక కథ నవ్వు పుట్టించును. పట్టుబడిన దొంగలను మ్రానులతో కట్టిన చెఱసాలలో నుంచి, తపాలాసంచికి వేయు పదునైదు పౌనుల ఇనుపతాళమును తెచ్చి తలుపునకు బిగింతురు. తెల్లవారునప్పటికి దొంగలు లేరు, తాళము లేదు, చెఱసాల గోడయొకటి మొత్తముగ లేదు. తాళమునకు ఎవరు వెల యీయవలెనను చిక్కు వచ్చును. దానిని బండి యిరుసునకు రాయు కందెనగ చూపి, చికసాలకు సంబంధించిన ప్రభుత్వపు లెక్కలో చేర్పవచ్చునని యోచన చేయుదురు. తపాలా తెచ్చువానిని శాంతింపజేయుటకై ఊరికి అతని పేరిటి 'జెఫర్సన్' అను భాగమును పెట్టుదురు. ఈ తగవునుండియే న్యాయస్థానము కట్టవలెనను సంకల్పము పుట్టును.

ఈ కథను కేవలహాస్యమని విడుచుట తగదు. ఊరి మొదటి లెక్కయే అబద్ధపు లెక్కగ నుండుట, అదియు భూమి కోల్పోవుచున్నవారి పద్దున పడుట గమనింపదగినది. మొహటహా యను చికసా వృద్ధరాణి పత్రముపై పేరునకు బదులు ఒక గుర్తు గీచి, బండిలో పడమటికి వెడలిపోవును. చెఱసాల యధికారి కూతురు సిసీలియా ఫార్మర్ 1861లో కిటికీ గాజుపై వజ్రపుటుంగరముతో తన పేరు గీచును. ఆ గీతలనుండి రచయిత ఒక పూర్ణజీవితమును ఊహించి వ్రాసెను. అదే చెఱసాల కిటికీ కడ్డీలనడుమ నల్లజాతి ఖైదీల చేతులు కనిపించును. ఆ చేతులవారికి పేర్లు లేవు.

వాస్తవచరిత్ర యిచ్చట తోడుగ నిలుచుచున్నది. 1908 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డున నెల్స్ ప్యాటన్ అను నల్లజాతి ఖైదీని, విచారణ జరుగకమునుపే, ఒక గుంపు చెఱసాల గోడ పగులగొట్టి బయటికీడ్చి చంపెను. ఆ గుంపును నడిపినవాడను నేనేయని మాజీ సెనేటరు సల్లివన్ బాహాటముగ చెప్పుకొనెను. అప్పటికి ఫాక్‌నర్ పదియేండ్లు దాటిన బాలుడు. ఆ సంఘటననే తలచి తాళపుకథ వ్రాసెనని మేము చెప్పజాలము. కాని రెండు గోడలను ప్రక్కప్రక్కన నిలిపి చూడకుండ ఉండజాలము. కథలో గోడ విప్పబడినందున దొంగలు బ్రతికి పోయిరి. ఊరికి పేరు వచ్చెను. చరిత్రలో గోడ పగిలినందున ఒకని ప్రాణము పోయెను. ఊరు మొదటిదానిని తరతరములకు నవ్వుచు చెప్పుకొనగలదు. రెండవదానిని అట్లు చెప్పుకొనజాలదు.

రచయిత నాటకభాగమున నాన్సీ యను నల్లజాతి స్త్రీకి పేరును, మాటను ఇచ్చెననుట నిజమే. ఆమె పసిబిడ్డను చంపిన నేరమునకు మరణశిక్ష పొందినది. అయినను వచనభాగములలో ఆమె పూర్వులకు సిసీలియాకు దక్కినంత చోటు దక్కలేదు. గాజుపై గీత కనబడినచోట కల్పన దీర్ఘముగ సాగి, గీత లేనిచోట ఆగిపోయినది. ఇది ఈ మహాకృతియందలి లోపమని మా యభిప్రాయము.

కావున స్థానికకథను పరిశీలించువారు అది నిజమా, కల్పనయా యని అడిగి ఊరకుండరాదు. అందెవరి చేవ్రాలు నిలిచినది, ఎవరిది నిలువలేదు అనికూడ అడుగవలెను. ఆక్స్‌ఫర్డు సమీపమున 1935లో గుంపుచేత హతుడైన ఎల్‌వుడ్ హిగిన్‌బాథమ్ పేరిట 2018లో స్మారకఫలకమొకటి వెలసినది. పేరు వ్రాయబడుటకు ఎనుబదిమూడేండ్లు పట్టినది. ఆ ఫలకమునుగూడ ఊరి కథలలో ఒకటిగ చదువుట న్యాయమని మేము తలంచుచున్నాము.