ఫొటో మీద గీసే హక్కు

మనల్ని ఫొటోలు తీసినవాళ్లకు కొదవ లేదు. మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ 1941లో గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి పరిశోధన చేశారు. 1945లో వాళ్ల మీద పుస్తకం వేశారు. ఆయన ఫొటోల భండారం ఇప్పుడు లండన్‌లోని సోయాస్‌లో ఉంది. వాటి విలువను కాదనలేం. అయితే ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లు తమ మాట చేర్చే చోటు వాటిలో లేదు.

ఆ చోటు ఇచ్చిన పని ‘ఫీల్డ్స్ ఆఫ్ సైట్’. ఢిల్లీ ఫొటోగ్రాఫర్ గౌరీ గిల్, మహారాష్ట్రలో డహాణు దగ్గరి గంజాడ్‌కు చెందిన వార్లీ చిత్రకారుడు రాజేశ్ వంగడ్ 2013లో దీన్ని మొదలుపెట్టారు. ఆమె ఆ ఊరి పరిసరాలను నలుపు తెలుపులో తీశారు. ఆ ప్రింట్ల మీదే ఆయన సిరాతో గీశారు.

ఇక్కడ ఫొటో చూసి పక్కన పెట్టేది కాదు, గోడలాగా పనికొచ్చే వస్తువు. వార్లీలు మట్టిగోడ మీద బియ్యప్పిండితో వేసే మనుషులు, చెట్లు ఈ కాగితం మీదికి వచ్చాయి. కెమెరాకు ఆ క్షణాన ఎదురుగా ఉన్నదే పడుతుంది. ఆ నేల మీద అంతకుముందు ఏం జరిగిందో, అక్కడ ఏ దేవతలున్నారో ఊరివాళ్లకే తెలుసు. చాలా ఫొటోల్లో వంగడ్ స్వయంగా కనిపిస్తారు. అంటే ఫొటోకు ఎక్కిన మనిషే దాన్ని పూర్తిచేస్తున్నాడు. ఈ పని బలమంతా అక్కడే ఉంది.

లోటు కూడా చెప్పాలి. ఎంత గీసినా బొమ్మ కెమెరా పెట్టిన నాలుగు అంచుల్లోనే ఉండాలి. పైగా ఇవి గ్యాలరీలకు వెళతాయి. గోడ మీది బొమ్మ మాత్రం ఇంటివాళ్ల మధ్యే ఉంటుంది. అయినా ఇద్దరి పేర్లతో ఈ పని బయటికి రావడం చిన్న విషయం కాదు.

ఏలూరు జిల్లాలో ఇది మన అవసరం. పోలవరం ముంపులో కుక్కునూరు, వేలేరుపాడు, పోలవరం మండలాల కోయ, కొండరెడ్డి ఊళ్లు పోతున్నాయి. చాలా ఊళ్లకు ఫొటోలు ఫోన్లలోనే ఉన్నాయి. ఫోను పాడైతే అవీ పోతాయి. ప్రింటు కూడా శాశ్వతం కాదు. తడిస్తే పై పొర ఉబ్బి, ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కానీ ప్రింటు నలుగురి చేతుల్లో తిరుగుతుంది, వెనక పేర్లు రాసుకోవచ్చు, పైన గీసుకోవచ్చు.

పునరావాస కాలనీల బడుల్లో టీచర్లు ఈ పని చేయించవచ్చు. పాత ఊరి ఫొటోను పెద్ద సైజులో ప్రింటు తీయించి అవ్వల, తాతల ముందు పెట్టాలి. ముత్యాలమ్మ ఎక్కడుండేది, భూమి పండుగ ఎక్కడ చేసేవారు, ఏ విప్పచెట్టు పూలు ఎవరు ఏరుకునేవారు అని అడిగి, వాళ్లు చూపిన చోటే పిల్లలు గీయాలి. చెప్పినవాళ్ల పేరు, గీసినవాళ్ల పేరు వెనక రాయాలి. ప్రతి ఫొటోకూ రెండు ప్రింట్లు తీయాలి: ఒకటి గీయడానికి, ఒకటి దాచడానికి.