ఎంసెట్ తరానికి ‘అంపశయ్య’

ఈ పత్రిక చదివేవాళ్ళలో ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకున్నవాళ్ళు ఎంతమందో ఒకసారి చేతులెత్తించి చూడాలని ఉంది. సగానికి పైనే ఉంటారని నా అనుమానం. నేనూ ఆ బాపతే. సంస్కృతం మీద ప్రేమతో తీసుకున్నది కాదు. నాలుగు శ్లోకాలు, పది ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీ పడితే వందకి తొంభై ఎనిమిది వస్తాయని, తెలుగైతే పేజీలకి పేజీలు రాసినా అన్ని పడవని అప్పట్లో అందరి నోటా ఉన్న లెక్క.

తమాషా ఏమిటంటే, భాషల మార్కులు ఎంసెట్ ర్యాంకులో కలిసేవే కావు. ఇంటర్ మార్కులకి అప్పట్లో ఇచ్చిన ఆ పాతిక శాతం వెయిటేజీ గ్రూప్ సబ్జెక్టులకే. అంటే మనం తెలుగు వదిలేసింది ర్యాంకు కోసం కూడా కాదు. టైము మిగులుతుందని, ఫ్లెక్సీ మీద వెయ్యికి ఎంత అని వేసే అంకె కాస్త పెరుగుతుందని. నవలల మీద పడి చదవాల్సిన పదహారేళ్ళ వయసులో, రెండేళ్ళపాటు తెలుగు వాక్యంతో మనకి పనే లేకుండా పోయింది.

“చదువుల్లో పడి పుస్తకాలు మానేశాం, టైం ఉండేది కాదు” అని మనవాళ్ళందరూ చెప్తారు. ఇంటర్ వరకూ ఇది నిజమే. నేను చదివిన రెసిడెన్షియల్ కాలేజీలో ఉదయం ఐదున్నర స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పదిన్నరకి లైట్లు ఆర్పేవాళ్ళు. ట్రంకు పెట్టెలో వారపత్రిక దొరికినా వార్డెన్ తీసుకుపోయేవాడు. కానీ ఆ తర్వాత ఇంజనీరింగ్ నాలుగేళ్ళ సంగతేమిటి? ఎనిమిది ప్రశ్నల్లో ఐదు రాస్తే చాలు కాబట్టి ఎనిమిది యూనిట్లలో ఐదు చదివేవాళ్ళం, అదీ పరీక్షకి వారం ముందు. మిగతా సెమిస్టరంతా క్రికెట్టు, సినిమాలు, హాస్టల్ మెట్ల మీద కబుర్లు. టైము కుప్పలుగా ఉంది. అయినా మాలో నవల పట్టుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. కాబట్టి పోయింది టైము ఒక్కటే కాదు. చదివే పద్ధతి ఒకటి మనలోకి దిగి, ఇంకో పద్ధతిని బయటికి నెట్టేసింది. ఈ మాట నాకు స్పష్టంగా అర్థమైంది నవీన్ ‘అంపశయ్య’ రెండోసారి చదివినప్పుడు.

1969లో వచ్చిన ఈ నవల గురించి అందరూ చెప్పే మొదటి మాట చైతన్య స్రవంతి. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో ఉండే రవి అనే కుర్రాడి జీవితంలో ఒక్క రోజు, పొద్దున లేచింది మొదలు రాత్రి వరకూ, అతని తలలో ఏం తిరుగుతుందో అదే నవల. పరీక్షలు దగ్గరపడ్డాయి. చేతిలో డబ్బుల్లేవు. ఊళ్ళో ఇల్లు, అమ్మాయిలు, సిగ్గు, కోపం, రాజకీయాలు అన్నీ కలిసి బుర్రలో గిరగిరా తిరుగుతుంటాయి. జాయిస్ ‘యులిసిస్’తో పోలిక, మనోవిశ్లేషణ, ఇవన్నీ విమర్శకులు చాలా రాశారు. వాటి జోలికి నేను పోవడం లేదు. నాకు పట్టింది చాలా మామూలు సంగతి: ఇది చదువుకోవాల్సిన ఒక కుర్రాడు చదువుకోలేకపోతున్న రోజు.

ఇరవై ఏళ్ళప్పుడు మొదటిసారి చదివినప్పుడు రవి మీద నాకు విసుగొచ్చింది. ‘పుస్తకం తీసి కూర్చో బాబూ’ అనిపించింది. అది ఎంసెట్ బుర్ర చేసిన విమర్శ. మా ఎంసెట్లో మూడు గంటల్లో నూట అరవై ప్రశ్నలు. ప్రశ్నకి నిమిషం చిల్లర. జవాబు తెలియకపోతే నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేసి మిగిలిన రెంట్లో ఒకటి పెట్టమని నేర్పారు. ఈ శిక్షణ సారం ఒక్కటే: జవాబుకి పనికొచ్చేది పట్టుకో, మిగతాది వదిలెయ్, దొరకగానే ముందుకి పో. పరీక్షకి ఇది సరైన పద్ధతే, నేను తప్పు పట్టను. కాకపోతే నవలకి ఇది సరిగ్గా అడ్డం. రవి ఆలోచనల్లో ‘పనికిరానివి’ కొట్టేస్తే నవలలో ఏమీ మిగలదు. ఏకాగ్రత కుదరకపోవడం రవికి నరకం, కానీ ఆ నవల నిలబడిందే దాని మీద. మనసు పాఠం మీద నుంచి జారిపోయిన ప్రతిసారీ ఒక మనిషీ, ఒక ఊరూ, ఒక కాలమూ మనకి కనపడతాయి. పాఠ్యపుస్తకం దృష్టిలో అది పరధ్యానం. నవల దృష్టిలో అదే సరుకు.

అయితే ఇక్కడ నవీన్ చేసిన తెలివైన పని ఇంకొకటుంది. అతను పరీక్షని వెక్కిరించడు. ‘మార్కులదేముంది, జీవితాన్ని చదువు’ అనే చవక మాట ఈ నవలలో దొరకదు. రవికి ఆ డిగ్రీ కావాలి. అతనిలాంటి ఇంట్లోంచి వచ్చినవాడికి పరీక్ష తప్పడమంటే వెనక్కి తిరిగి ఊరెళ్ళడమే. శరీరం కింద గుచ్చుకునే బాణాల్లో అదీ ఒకటి. నవలల్నీ చదువునీ ఎదురెదురుగా నిలబెట్టి, చదువుని చిన్నబుచ్చేవాళ్ళ మాట నాకందుకే నచ్చదు. అది ఆస్తి ఉన్నవాళ్ళ మాట. నాకు పుస్తకాలు కొనుక్కునే జీతం వస్తున్నది ఆ నూట అరవై ప్రశ్నల పుణ్యమే.

నవలలో లోపాలు లేవని కాదు. రవి చూపు దాటి ఆడవాళ్ళు ఎక్కడా మనుషులుగా నిలబడరు. వాళ్ళ తలలో ఏం తిరుగుతోందో మనకి తెలియదు. అది రవి పరిమితి అని సర్దుకోవచ్చు గానీ, కొన్ని పేజీల తర్వాత రచయిత పరిమితిలాగే అనిపిస్తుంది. ఒకే బాధ చుట్టూ తిరిగే చోట్లు కూడా ఉన్నాయి. వాటిని నేనిప్పటికీ గబగబా తిప్పేస్తాను. మనసుకి నచ్చి చదివేదానికీ సిలబస్‌కీ ఉన్న తేడాల్లో ఇదొకటి: పేజీలు తిప్పేస్తే అడిగేవాడు లేడు.

పోయినేడాది మా పిన్ని ఫోన్ చేసింది. “ఏరా, మావాడికి నవలలు అలవాటు చేసింది నువ్వేనటగా? ఇంటర్ రెండో ఏడురా వాడిది. చదివితే పనికొచ్చేది ఏదైనా ఇవ్వకూడదూ?” అంది. ఆ ‘పనికొచ్చేది’ దగ్గర నేను ఆగిపోయాను. పిన్ని ఒక్కర్తే కాదు, మన పుస్తకాల మార్కెట్ కూడా ఈ మాటే అడిగింది. ఒకప్పుడు కుర్రాళ్ళు ఫిజిక్స్ పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివింది యండమూరి ‘తులసిదళం’. అదే యండమూరి తర్వాత ‘విజయానికి ఐదు మెట్లు’ రాశారు. మొదటిదాన్ని దాచుకుని చదివిన పిల్లలే పెద్దయ్యాక రెండోదాన్ని తమ పిల్లలకి కొనిపెట్టారు. ఆయన్ని నిందించడానికి ఈ మాట అనడం లేదు. పాఠకులు ఎటు కదిలారో పట్టుకోవడంలో ఆయన దిట్ట. ఆ కదలిక మాత్రం గమనించాలి. సరదాగా చదివేవాళ్ళే, చదివినందుకు ఏదో ఒక లాభం కావాలని అడగడం మొదలుపెట్టారు.

దీనికి ఎదురు దారి పట్టినవాడు నామిని. ‘చదువులా? చావులా?’ అని గట్టిగా అడిగిన ఈ కథకుడే ‘పిల్లల భాషలో ఆల్జీబ్రా’ కూడా రాశాడు. యండమూరి పుస్తకంలో పాఠకుడికి విజయం దొరకాలి. నామిని పుస్తకంలో లెక్కకి ఒక గొంతు దొరుకుతుంది, ఇంట్లో వాళ్ళు మాట్లాడినట్టుండే గొంతు. చదువు పోటీని మోసుకుని సాహిత్యంలోకి రావడం ఒకటి, సాహిత్యం తన యాసతో చదువులోకి వెళ్ళడం ఇంకొకటి. ఈ రెండోది మన దగ్గర చాలా అరుదు. మా తమ్ముడికి నేను పంపిన ‘పనికొచ్చే’ పుస్తకం అదే. వాడికి ఆ ఆల్జీబ్రా ఎప్పుడో వచ్చు. అయినా నవ్వుకుంటూ చదివాడట.

ఇక మన సంగతి. పరీక్షలైపోయి పదిహేనేళ్ళయినా ఆ చదివే పద్ధతి మనల్ని వదల్లేదు. గుడ్‌రీడ్స్‌లో ఏడాదికి యాభై పుస్తకాలని టార్గెట్ పెట్టుకుంటాం. డిసెంబర్లో నాలుగు తగ్గితే సన్న పుస్తకాలు వెతుక్కుంటాం. అచ్చం లాస్ట్ మినిట్ ప్రిపరేషనే. మన వెబ్ పత్రికల్లో వచ్చే సమీక్షలు చూడండి: ఇతివృత్తం, పాత్ర చిత్రణ, శైలి, సందేశం. ఇవి తెలుగు పేపర్లో పది మార్కుల ప్రశ్నకి రాసే సైడ్ హెడింగులు. ‘రచయిత ఏం చెప్పదలచుకున్నాడు?’ అన్నది విమర్శ అడగాల్సిన ప్రశ్న అని నేననుకోను. ఆ పుస్తకం చదువుతున్నంతసేపూ నాకేం జరిగింది? ఎక్కడ ఆగాను? ఎక్కడ మనసు జారిపోయి మా ఊరెళ్ళి వచ్చింది? ఇవి అడిగితే ‘కీ’ ఉండదు, సరిచూసుకోవడానికి వెనక పేజీలో జవాబులుండవు. మన తరానికి అలవాటు లేనిది ఈ ఇబ్బందే.

ఇప్పుడు చదువుల్లో ఉన్నవాళ్ళు “రెండూ ఎలా కుదురుతాయి?” అని అడుగుతారు. రెంటికీ సమానంగా టైం పంచడం అయ్యే పని కాదు. పరీక్షల నెలలో పరీక్షలదే రాజ్యం, ఒప్పుకుందాం. కానీ చదివే రెండో పద్ధతి చచ్చిపోకుండా ఉండటానికి కావాల్సింది చాలా తక్కువ. తెలుగులో మనకి కథ ఉంది. కథాసాహితి వాళ్ళు 1990 నుంచి ఏటా ‘కథ’ సంకలనం వేస్తూ వచ్చారు. ఏదో ఒక సంవత్సరానిది తీసుకుంటే ఒక్కో కథా అరగంట కూడా పట్టదు. వారానికి ఒక్కటి. నోట్సు రాయొద్దు, కింద గీతలు గీయొద్దు, స్టేటస్‌లో పెట్టొద్దు, లెక్కలోకి వేయొద్దు. అర్థం కాకపోతే అర్థం కానట్టే వదిలెయ్యండి. పదిహేను నుంచి ఇరవై రెండు మధ్య చదివేవి మనతో చాలాకాలం ఉంటాయి. ఆ ఏళ్ళని దాదాపు ఖాళీగా వదిలేసి ముప్ఫైల్లో మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళలో నేనొకణ్ణి. మొదలుపెట్టొచ్చు, ఏం పర్లేదు. పదిహేడేళ్ళప్పుడు రవిని కలిసి ఉంటే ఎలా ఉండేదో తెలుసుకునే వీలు మాత్రం ఇక లేదు.

ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి నా మాట ఇంకా చిన్నది. ఈ ఏడాది టార్గెట్ పెట్టుకోకండి. ‘అంపశయ్య’ చదవండి, విసుగొచ్చిన చోట పేజీలు తిప్పేయండి. రవి పుస్తకం మూసి కిటికీలోంచి చూస్తున్నట్టనిపించిన చోట మాత్రం కాసేపు అతనితోపాటు కూర్చోండి.