ఉపగ్రహం ఉన్నా దీపం ఉండాలి

తిరుపతి జిల్లా అనగానే తిరుమల కొండ, ఘాట్ రోడ్డు, క్యూలైన్లు గుర్తొస్తాయి. 2022 జిల్లాల విభజనతో ఈ జిల్లాకు సముద్రతీరం కూడా వచ్చింది. ఆ తీరంలో శ్రీహరికోట ఉంది, దానికి ఉత్తరాన దుగరాజపట్నం ఉంది. ఆర్మగాన్ పేరుతో ఈస్టిండియా కంపెనీ 1620ల్లో ఇక్కడ కోట కట్టుకుంది. 1639లో కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే మద్రాసులో చోటు సంపాదించాక మూటాముల్లె సర్దుకుంది. కంపెనీ పోయినా ఓడల గండం పోలేదు. ఒడ్డుకు ఎదురుగా నీళ్ల కింద ఇసుక మేట పొడుగ్గా పరుచుకుని ఉంది. తీరం పల్లం కాబట్టి పగలే ఆనవాళ్లు తక్కువ, ఇక రాత్రి సంగతి చెప్పేదేముంది! ఆర్మగాన్ లైట్‌హౌస్ అవసరం ఆ మేట వల్లే పుట్టింది.

మన సొంత నావిగేషన్ వ్యవస్థలో తొలి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచే ఎగిరింది. జీపీఎస్, రాడార్ ఉండగా ఈ పాత దీపాలెందుకన్న ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల 30 మీటర్ల ఎత్తునున్న దీపం నీటిమట్టంలోని కంటికి 20 కిలోమీటర్లు దాటితే ఆనదు. మంచు పడితే అదీ లేదు. అయితే ఉపగ్రహ సంకేతం మనదాకా వచ్చేసరికి ఎంతో బలహీనపడుతుంది, దాన్ని ఏమార్చడం సాధ్యమే. 2017 జూన్‌లో నల్లసముద్రంలోని ఓడలకు అవి విమానాశ్రయంలో ఉన్నట్టు జీపీఎస్ చూపింది. 2025 జనవరిలో శ్రీహరికోట వందో ప్రయోగంలో రాకెట్ తన పని చేసినా, ఎన్‌వీఎస్-02 నావిగేషన్ ఉపగ్రహం అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. అందుకే రెండో సాక్ష్యం కావాలి, అదీ మొదటిదానితో సంబంధం లేనిదై ఉండాలి. నావికుడు మెరుపుకూ మెరుపుకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి, దీపాల పట్టికతో పోల్చి, అది ఏ ఊరి దీపమో తేల్చుకుంటాడు. దిక్సూచితో దాని దిశ పట్టి చార్టు మీద గీత గీస్తాడు. ఆ గీత జీపీఎస్ చూపిన చోటికి దూరంగా పోతే, ఓడ మేట మీదికెక్కక ముందే అనుమానం పుడుతుంది. ఇంత తేలికైన తనిఖీ మరొకటి నాకు కనబడదు.

ఖర్చు దండగ అనేవారూ ఉన్నారు. దీపాల నిర్వహణకు రేవుకొచ్చే ఓడల దగ్గర రుసుము వసూలు చేసే పద్ధతి 1927 నాటి లైట్‌హౌస్ చట్టం నుంచీ ఉంది. ఆ వెలుగు మాత్రం ఫోన్ చార్జింగ్ అయిపోయిన చేపల పడవకూ అందుతుంది. 2021లో వచ్చిన కొత్త చట్టం పాత లైట్‌హౌస్‌లను వారసత్వ కట్టడాలుగా గుర్తించి, పర్యాటకానికి వాడుకునే వీలు కల్పించింది. జనం వచ్చి చూడటం మంచిదే. కానీ మెట్లకు రంగులేసే ముందు దీపానికి బ్యాటరీ, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఉన్నారో లేదో చూడాలి.