మా బంగారం కూడా వెయ్యి బిడ్డా

మేడారం జాతర ఉన్న ఏడు మాఘం దగ్గరపడిందంటే మా వాడకట్టు కిరాణా కొట్టు కాంటాకు తీరిక ఉండదు. ఒకవైపు మొక్కుకున్న మనిషి, రెండోవైపు అంతే బరువు బెల్లం. సమ్మక్క సారలమ్మలకు అదే బంగారం. తూగినవాళ్లంతా మేడారం బయల్దేరలేరు. మోకాళ్లు పట్టేసిన ముసలమ్మలు, బాలింతలు ఉంటారు. వాళ్ల బంగారం పక్కింటివాళ్ల సంచిలో పోతుంది. "మా పేరు చెప్పి గద్దె మీద వెయ్యి బిడ్డా" అంటారు, అంతే. రశీదు లేదు. తిరిగొచ్చినవాళ్లు ఇంటింటికీ ఇంత ప్రసాదం పంచుతారు.

ఇదంతా భక్తేనని తేల్చేయడం సులువు. నాకైతే రశీదు అడగని ఈ నమ్మకానికి జాతర నడిచే తీరులోనే కారణం కనిపిస్తుంది. సారలమ్మ కన్నెపల్లి నుంచి రావాలి, సమ్మక్క భర్త పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, సారలమ్మ భర్త గోవిందరాజు కొండాయి నుంచి. తెచ్చేది ఆయా ఊళ్ల కోయ పూజారులే. ఎవరి వంతు వారిది. ఒక్క ఊరు రాకపోయినా జాతర నిండదు. రెండో రోజు చిలకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమ భరిణె రూపంలో దిగుతుంది. గుట్ట మీద జరిగే పూజను బయటివాళ్లు చూడరు. కింద ఎదురుకోళ్లు పట్టుకుని నిలబడ్డ జనం పైన ఏం చేశారని అడగరు. అప్పుడు పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతాడు. కాకతీయులకు కప్పం కట్టనన్న సమ్మక్క ఇంటివాళ్లకు సర్కారు మర్యాద!

ఆ నమ్మకం ఎట్లా పెరుగుతుందో మేడారంలో జంపన్న వాగు దగ్గర గుడారాల మధ్య చూడండి. మొదట "అక్కా, కొంచెం నిప్పు ఇస్తవా" అని అడుగుతారు. తర్వాత ఉప్పు. పొద్దుగూకేసరికి కోడికూర గిన్నె అటూ ఇటూ తిరుగుతుంది. మర్నాడు స్నానానికి పోతూ సంచినీ, నిద్రపోతున్న పిల్లనూ ఒప్పజెప్పి పోతారు. నిప్పు అడగకుండా పిల్లను ఒప్పజెప్పినవాళ్లను నేను చూడలేదు. జేబుదొంగలు ఉండరని కాదు, వాళ్లకూ అదే జాతర. అందుకే ఆ వరస.

2022 జాతరకు ఆర్టీసీ కార్గో కూడా భక్తుల బంగారాన్ని మేడారం చేర్చింది. దూరాన ఉన్నవాళ్లకు అది మేలే, కాదనను. కానీ ప్రసాదం పార్శిల్ తెచ్చినవాడు మీ అరుగు మీద కూర్చుని అమ్మవారి ముచ్చట్లు చెప్పడు. ఈసారి మీరు పోతుంటే వాడకట్టులో నాలుగు తలుపులు తట్టి, పోలేనివాళ్ల బంగారం అడిగి తీసుకుపోండి.