కీబోర్డు అడిగినవాళ్ల చేతిలోనే

ఇంజనీరింగ్ కాలేజీలో ఇన్‌స్టాల్‌ఫెస్ట్ జరిగిందంటే ఆ వారంలో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. పిల్లలు ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే లినక్స్ ఎక్కించుకుని వెళ్తారు. రాత్రి లినక్స్ వాడి పొద్దున్నే విండోస్ తెరిస్తే గడియారం వెనక్కి వెళ్లి ఉంటుంది. సరిచేస్తారు. ఇంకోసారి లినక్స్‌లోకి వెళ్లొస్తే మళ్లీ అదే తంతు. బ్యాటరీ పోయిందేమో, మదర్‌బోర్డు దెబ్బతిందేమో అని కంగారు. అనుభవమున్న సీనియర్ అడిగే మొదటి ప్రశ్న ఇది: "సరిగ్గా ఎంత తేడా వస్తోంది?" అయిదు గంటలు కాదు, ఆరూ కాదు, కచ్చితంగా అయిదున్నర అని తేలితే సగం పని అయిపోయినట్టే. భారత కాలమానం అంతర్జాతీయ సమయానికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. మదర్‌బోర్డు మీది గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ లెక్క, అంతర్జాతీయ సమయమని లినక్స్ లెక్క. రెండింటిలో ఒకదాని లెక్క మార్చితే చాలు. ఒక్క సెట్టింగ్‌తో పోయే తేడా అది.

తమ ఉద్యోగం కాకపోయినా, పైసా రాకపోయినా పక్కవాళ్ల మెషీన్ చిక్కు విప్పడానికి కూర్చునేవాళ్ల పరంపర దాదాపు కంప్యూటరంత పాతది. 1955లో లాస్ ఏంజిలిస్ ప్రాంతపు విమాన తయారీ సంస్థల్లో ఐబీఎం యంత్రాలు నడుపుతున్నవాళ్లు 'షేర్' అనే బృందం కట్టారు. ఒకరు రాసిన ప్రోగ్రామును ఇంకొకరు మొదటి నుంచి రాసుకోవాల్సిన పని లేకుండా పంచుకోవడం దాని ఉద్దేశం. వాళ్లు జీతానికి పనిచేసేవాళ్లు. సరదాతో వచ్చినవాళ్ల సంగతికొస్తే 1975 మార్చి 5 చెప్పుకోదగ్గ తేదీ. ఆ రోజు కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో, గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గరాజులో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదటిసారి కలిసింది. తర్వాత్తర్వాత ఆ సమావేశాలను లీ ఫెల్‌సెన్‌స్టీన్ నడిపాడు. ఆయన పద్ధతి నాకు చాలా ఇష్టం. ముందు ఒక్కొక్కరూ లేచి తమ దగ్గర ఏముందో, తమకు ఏం కావాలో అందరికీ వినపడేలా చెప్పాలి. ఆ తర్వాత సభ చెదిరిపోతుంది, ఎవరికి ఎవరు కావాలో వెతుక్కుని మాట్లాడుకుంటారు. స్టీవ్ వోజ్నియాక్ తన ఆపిల్-1 సర్క్యూట్ పటాన్ని ఉచితంగా పంచిపెట్టింది ఆ గుంపులోనే. సమస్యను పదిమంది ముందు పెట్టడం, పరిష్కారానికి ఇద్దరు ముగ్గురు కూర్చోవడం అన్న అమరిక ఇప్పటికీ మారలేదు.

మన దగ్గరికి ఈ అలవాటు లినక్స్‌తో వచ్చింది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆ కెర్నెల్‌ను విడుదల చేశాడు. భారత్‌లో సామాన్యులకు ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. ఫోన్ లైను మీద నడిచే ఆ కనెక్షన్‌తో ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను దించుకోవడం అయ్యే పని కాదు. పీసీక్వెస్ట్ పత్రిక తన సంచికతో పాటు ఇచ్చిన లినక్స్ సీడీలు చేతులు మారుతూ తిరిగాయి. సీడీ దొరికినా మోడెమ్ పనిచేసేది కాదు. చవకగా వచ్చే లోపలి మోడెములు చాలావరకు తమ పనిని విండోస్ సాఫ్ట్‌వేర్‌కు వదిలేసేవి, లినక్స్‌లో వాటికి ప్రాణం ఉండేది కాదు. ఏ మోడెమ్ కొనాలో, ఏది కొనకూడదో చెప్పడమే అప్పటి యూజర్ గ్రూపులు చేసిన పెద్ద మేలు. తర్వాతి కాలంలో హైదరాబాద్ కేంద్రంగా 'స్వేచ్ఛ' ఉద్యమం వచ్చింది. మెనూలన్నీ తెలుగులో ఉండే లినక్స్‌ను తయారుచేసింది, ఇంజనీరింగ్ కాలేజీల్లో గ్లగ్ (గ్నూ/లినక్స్ యూజర్ గ్రూప్) బృందాలను నిలబెట్టింది.

ఈ పని ఎలా సాగుతుందో తెలియాలంటే ఒక సమస్య వెంట చివరిదాకా వెళ్లాలి. ఒక కాలేజీ సర్వర్ ఉందనుకుందాం. డిస్కులో ఖాళీ లేదంటూ ఏ ఫైలునూ సేవ్ చేయనివ్వడం లేదు. అడగడానికి వచ్చినవాళ్లు "సర్వర్ పనిచేయట్లేదన్నా" అంటారు. సాయం చేసేవాళ్ల మొదటి పని ఆ మాటను విప్పించడం. తెర మీద వచ్చిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఏమిటి? ఎప్పటి నుంచి? దానికి ముందు ఏం మార్చారు? పుట్టీ అనే ప్రోగ్రామ్ రాసిన సైమన్ టాథమ్ 1999లో బగ్గులను ఎలా చెప్పాలో వివరిస్తూ ఒక వ్యాసం రాశాడు. ఏం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, నిజంగా ఏం జరిగింది అన్న మూడూ వేరువేరుగా చెప్పాలన్నది అందులో నేను పట్టుకున్న సారం. మనం ఊహించిన కారణాన్నే లక్షణంగా చెప్పేస్తాం. చాలా గంటలు వృథా అయ్యేది అక్కడే.

సరే, డిస్కు నిండిందన్న మాట నిజమేనా? డీఎఫ్ కమాండ్ నూటికి నూరు శాతం నిండిందంటుంది. ఏ ఫోల్డర్ ఎంత తింటోందో చూడడానికి డీయూ కొడితే మొత్తం కలిపినా సగం కూడా రాదు. కొత్తవాళ్లు ఇక్కడే నిలిచిపోతారు. నిజానికి రెండు కమాండ్లూ అబద్ధం చెప్పడం లేదు, వాటిని అడుగుతున్న ప్రశ్నలు వేరు. డీయూ పేర్ల వెంట నడుస్తూ ఒక్కో ఫైలు సైజూ కూడుతుంది. డీఎఫ్ ఖాళీ ఎంత మిగిలిందని ఫైల్‌సిస్టమ్‌నే అడుగుతుంది. మధ్యలో తేడా ఎందుకు వచ్చింది? ఎవరో పెద్ద లాగ్ ఫైలును తొలగించారు, కానీ దాన్ని రాస్తున్న ప్రోగ్రామ్ ఇంకా తెరిచే ఉంచింది. యూనిక్స్ పద్ధతిలో ఫైలును తొలగిస్తే పోయేది పేరు మాత్రమే. గేటు మీద బోర్డు తీసేసినా ఇల్లు ఖాళీ చేయని అద్దెవాళ్లలాగా, ఆ ప్రోగ్రామ్ వదిలేదాకా లోపలి జాగా అలాగే ఉండిపోతుంది. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌తో అలాంటి పేరు లేని ఫైళ్లు ఎవరి చేతిలో ఉన్నాయో బయటపడుతుంది. ఆ ఒక్క సర్వీసును రీస్టార్ట్ చేస్తే గిగాబైట్లకు గిగాబైట్లు వెనక్కి వస్తాయి.

ఒక్కోసారి డీఎఫ్ కూడా ఖాళీ ఉందనే చెబుతుంది, అయినా ఫైలు పుట్టదు. అప్పుడు ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఖర్చయ్యే ఐనోడ్ల లెక్క చూడాలి. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో మొత్తం ఎన్ని ఫైళ్లు ఉండొచ్చో డిస్కు ఫార్మాట్ చేసిన రోజే ఖరారవుతుంది. లక్షల కొద్దీ బుల్లి సెషన్ ఫైళ్లు పోగుపడితే జాగా మిగిలినా ఐనోడ్లు మిగలవు.

మొత్తం మెషీన్‌ను రీబూట్ చేసినా ఆ లాగ్ ఫైలు సమస్య పోయేదే. కానీ కారణం తెలియకుండానే పోతుంది, నెల తిరక్కముందే మళ్లీ వస్తుంది. మంచి సహాయకులు అందుకే రీబూట్‌ను చివరికి ఉంచుతారు. ఒకసారికి ఒక్క మార్పే చేస్తారు. కాన్ఫిగ్ ఫైలును ముట్టుకునే ముందు దానికో నకలు తీసి పక్కన పెడతారు. తప్పు ఏ మార్పుతో వచ్చిందో తెలియకపోతే మధ్యకు విరిచి చూస్తారు. వెయ్యి మార్పులున్నా ప్రతిసారీ సగం వదిలేస్తూ పోతే పది పరీక్షల్లో దొరుకుతుంది.

వీటన్నిటికంటే పెద్దదని నేను అనుకునే నియమం ఒకటి ఉంది: కీబోర్డు తీసుకోకూడదు. యూసీఎల్‌ఏలో పనిచేసిన ఫిల్ ఆగ్రే కంప్యూటర్ వాడటంలో ఇతరులకు ఎలా సాయపడాలో 1990లలో ఒక చిన్న వ్యాసం రాశాడు. అందులో ఈ సలహా ఉంది. తెలిసినవాడు కీబోర్డు లాక్కుని టకటకా కొట్టేస్తే పది సెకన్లలో పనవుతుంది, చూసేవాళ్లకు మాత్రం ఏమీ మిగలదు. పక్కన కూర్చుని "ఇప్పుడు లాగ్ చివరి పాతిక లైన్లు తెరువు, ఎర్రర్ అన్న మాట ఎక్కడుందో చదువు" అని చెప్పడానికి ఓపిక కావాలి. స్పెల్లింగ్ తప్పు కొట్టినా వాళ్లే దిద్దుకునేదాకా ఆగాలి. ఈ నిదానమే సంప్రదాయపు అసలు విలువని నమ్ముతాను. కంపెనీ సపోర్టుకు ఫోన్ చేస్తే సమస్య తీరొచ్చు. ఇక్కడ మాత్రం తన మెషీన్ తన మాట వింటుందన్న ధైర్యం అడిగినవాళ్లకు వస్తుంది.

చేదు కూడా ఉంది. ప్రశ్న అడిగినవాళ్లను "మాన్యువల్ చదువుకో" అని కసిరే అలవాటు ఈ ప్రపంచంలో ఎప్పటినుంచో ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థికి ఆ మాన్యువల్ ఇంగ్లిషే పెద్ద అడ్డు. మగపిల్లల గుంపు మధ్య ఒంటరిగా నిలబడిన అమ్మాయికి ఆ గొంతే చాలు, మళ్లీ రాదు. 1998లో డెబ్ రిచర్డ్‌సన్ మొదలుపెట్టిన లినక్స్‌చిక్స్ బృందం రెండే నియమాలు పెట్టుకుంది. మర్యాదగా ఉండాలి, సాయపడాలి. చెప్పడానికి ఇంత చిన్నవి, అయినా వీటికోసం వేరే గుంపు కట్టుకోవాల్సి వచ్చింది.

మన ల్యాబుల్లో ఈ సాయమంతా కమ్మని తెలుగులోనే జరుగుతుంది. "ముందు సర్వీస్ ఆపు, తర్వాత పోర్ట్ ఎవడు పట్టుకున్నాడో చూడు" అంటూ గంటల తరబడి మాట్లాడుకుంటాం. తేలిన సంగతి రాసిపెట్టే వేళకు మాత్రం ఇంగ్లిషులోకి వెళ్తాం, లేదా అసలు రాయం. మెనూలు తెలుగులోకి వచ్చాయి, పరిష్కారాలు ఇంకా రావాలి. ఎర్రర్ వాక్యాన్ని వచ్చినట్టే ఇంగ్లిషులో ఉంచి, వెతికేవాళ్లకు దొరికేది దానితోనే కాబట్టి, కారణమూ చేసిన మార్పూ తెలుగులో నాలుగు వాక్యాలు రాస్తే చాలు. తేదీ, వెర్షన్ తప్పకుండా వేయాలి. సర్వీసులను నడిపే పద్ధతిలో డెబియన్, ఉబుంటు లినక్స్‌లు 2015లో సిస్టమ్‌డీకి మారాయి. సర్వీసును ఇలా అమర్చుకోవాలని 2012లో ఎవరో శ్రద్ధగా రాసిపెట్టిన వివరం, తేదీ లేకపోతే, ఇవాళ ఒక మొదటి సంవత్సరం విద్యార్థి సాయంత్రాన్నంతా తినేస్తుంది.