డబ్లిన్‌కు సర్దే పెట్టె

మా పెదకాకానిలో పెద్దవాళ్లు పిల్లల దగ్గరికి ఐర్లండ్ బయల్దేరేది ఎక్కువగా మే నెలలోనే. బయట నలభై దాటిన ఎండ. ఆ ఉక్కలో కూర్చుని స్వెటర్ సర్దుకోవాలంటే ఎవరికీ మనసొప్పదు. “అక్కడా వేసవేగా అన్నయ్యా, నూలు చీరలు చాలవూ?” అని అడుగుతారు. చాలవు. డబ్లిన్‌లో జూలై మధ్యాహ్నం ఉండేది 19, 20 డిగ్రీలు, అంటే మనకు సంక్రాంతి తెల్లవారుజాము.

అలాగని హిమాలయాలకు సర్దినట్టూ సర్దక్కర్లేదు. గుంటూరు 16వ అక్షాంశం దగ్గరుంటే డబ్లిన్ 53 దగ్గరుంది. అయినా అట్లాంటిక్ మీదుగా వీచే పడమటి గాలులు సముద్రపు వెచ్చదనాన్ని మోసుకొస్తాయి కాబట్టి జనవరి పగళ్లు కూడా 8 డిగ్రీల దాకా ఉంటాయి. మన పెద్దల్ని బాధపెట్టేవి గాలి, తుంపర. ఏడాది మొత్తం చూస్తే డబ్లిన్‌లో పడే వాన సుమారు 750 మిల్లీమీటర్లు, గుంటూరు కన్నా తక్కువే. మనకు నాలుగు నెలల్లో కుండపోతగా పడేది అక్కడ పన్నెండు నెలలూ సన్నగా రాలుతుంది. గాలికి గొడుగు తిరగబడుతుంది. తలమీదికి టోపీ ఉన్న రెయిన్‌కోటే దిక్కు.

పత్తి పండే నేల మీద పుట్టి ఈ మాట అనడం కష్టంగానే ఉంది కానీ, తడిసిన నూలు బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. ఒక్క బరువైన కోటు కన్నా పలచని పొరలు మేలు: ఒంటికి థర్మల్, దానిపైన ఉన్ని స్వెటర్, ఆపైన గాలీ వానా ఆపే కోటు. పొరల మధ్య చిక్కిన గాలే వెచ్చగా ఉంచుతుంది. ఇంట్లో హీటరుంటే ఒకటి విప్పేయొచ్చు. మంగళగిరి చీర మానక్కర్లేదు, లోపల థర్మల్ ప్యాంటు, కాళ్లకు మేజోళ్లు ఉంటే సరి. బూట్లు మాత్రం నెల ముందే కొని సాయంత్రాలు గుడి దాకా వేసుకుని నడవాలి. కొత్త బూట్లతో పరాయి ఊళ్లో కాళ్లు బొబ్బలెక్కితే నడక మానేసి ఇంట్లో కూర్చుంటారు.

నెయ్యి డబ్బా, నాటుకోడి పచ్చడి యూరోపియన్ యూనియన్ నిబంధనలు ఒప్పుకోవు, వాటిని తీసేయండి. జూన్‌లో అక్కడ పొద్దుగూకేది రాత్రి పదికి, తెల్లవారేది ఐదుకే. నిద్రకు కళ్లమీద కట్టుకునే నల్లగుడ్డ ఒకటి పెట్టండి.

పిల్లలకు ఒక మనవి. “ఇక్కడికొచ్చాక కొందాంలే” అనకండి. విమానాశ్రయం గుమ్మం దాటగానే తగిలేది ఆ గాలే. అమ్మానాన్నల చేతిసంచిలోనే స్వెటర్, మఫ్లర్ పెట్టించండి.