తెల్లని గుడ్డ మీద ఎర్రని పేర్లు

తెలుపు మీద ఎరుపు. మూడో రంగు లేదు, పూలు లేవు, నెమళ్లు లేవు. దుప్పటంత గుడ్డ నిండా పేర్లే. కొన్ని వరుసలుగా, కొన్ని బండిచక్రపు ఆకుల్లా నడిమికి చేరుతూ. ఎంతసేపు చూసినా కన్ను అలసిపోదు.

1917 డిసెంబరులో అమెరికాలోని ‘మోడరన్ ప్రిసిల్లా’ అనే కుట్టుపని పత్రిక ఇలాంటి బొంత నమూనా ఒకటి అచ్చువేసి, దీనితో రెడ్‌క్రాస్‌కు వెయ్యి డాలర్లు పోగుచేయవచ్చని రాసింది. చందా ఇచ్చినవారి పేరు గుడ్డ మీద కుట్టాలి. పేర్లు నిండాక బొంతను వేలం వేయాలి, లేదా లాటరీలో పెట్టాలి. అలా ఒకే గుడ్డకు రెండుసార్లు సంపాదన. చర్చిల కోసం ఈ పద్ధతి అంతకుముందే ఉంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగింది. సెప్టెంబరులో బడిపిల్లల కోసం జూనియర్ రెడ్‌క్రాస్ మొదలై, తరగతి గదుల్లోకి సూదులూ ఊలుండలూ వచ్చాయి.

పిల్లల చేయి పడ్డ ఇలాంటి గుడ్డలో నన్ను కట్టిపడేసేది గీత. పెన్సిల్‌తో చకచకా గీసేసిన సంతకం సూది కిందికి వచ్చేసరికి నిదానిస్తుంది. కాడకుట్టులో ప్రతి కుట్టూ ముందరి కుట్టు సగానికి వెనక్కి వచ్చి, దాని పక్కన ఒరిగి మొదలవుతుంది. వంపు దగ్గర కుట్టు పొట్టిదవాలి, లేకపోతే గుండ్రని అక్షరానికి మూలలు తేలతాయి. పిల్లల కుట్టులో అవి తేలనే తేలతాయి. ఆ మూల దగ్గరే ఒక చిన్న చేయి ఆగి, ఆలోచించి, మళ్లీ సాగిన జాడ కనిపిస్తుంది. అక్షరం చెప్పేది పేరు మాత్రమే. ఆ తడబాటులో వినిపించేదే ధ్వని.

ఇక ఆ ఎరుపు. ‘టర్కీ రెడ్’ దారాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. అప్పటి ఎరుపులు చాలావరకు ఉతికితే పక్కనున్న తెలుపుకు అంటుకునేవి. ఇది నీళ్లనూ ఎండనూ తట్టుకునేది. దాని మూలపదార్థమైన అలిజరిన్ మంజిష్ఠ జాతి మొక్క వేళ్లలో ఉంటుంది, మన కోస్తా అద్దకాలకు ఎరుపునిచ్చిన చిరివేరులోనూ ఉంటుంది. 1917 నాటికి అది ఫ్యాక్టరీ సరుకే. అయినా మచిలీపట్నం కలంకారీ చూసి పెరిగిన కంటికి ఆ ఎరుపు పరాయిదనిపించదు. మన బొంతల్లో ఏ ముక్క ఎవరి చీరదో గుర్తుపడతాం గానీ పేరు ఎక్కడా ఉండదు. ఈ పేర్ల బొంతలో బట్టకు ఏ జ్ఞాపకమూ లేదు, భారమంతా పేరే మోస్తుంది. అందుకే వట్టి తెలుపు అంత చక్కగా అమరింది.

అన్ని పేర్లనూ ఒకే చేతిరాతలో పొందికగా కుట్టిన బొంతలూ చాలానే ఉన్నాయి. పనితనంలో అవి ఒక మెట్టు పైనే. నా మనసు మాత్రం ఎవరి సంతకం వారిదైన గుడ్డ వైపే మొగ్గుతుంది. ఒకరిది గీత దాటి కిందికి జారుతుంది, ఒకరిది చోటు చాలక చివరి అక్షరాలు ఇరుక్కుంటాయి. చదరాల గళ్లు వాటన్నిటినీ సర్దుకుంటాయి. ఇవాళ ఏ బడిలోనైనా ఒక మంచి పనికి పిల్లలతో ఇలాంటిది కుట్టిస్తే, ఆ ఇరుక్కున్న అక్షరాలను టీచరుగారు విప్పి సరిచేయకూడదు. కొనేవాళ్లు ముందుగా చూసేది వాటినే.